"ఆంటీ, మీరు కూర్చోండి!"

వరుసగా మూడు శనివారాలు నేనొక చోటికి వెళ్ళాను. మొదటి శనివారం అక్కడున్న రెండున్నర గంటల్లోనూ నాతో ఎక్కువసార్లు అన్న మాట ఏమిటో చెప్పమంటారా? "ఆంటీ, మీరు కూర్చోండి!"

లెక్కపెట్టాను కూడాను. ఏడుసార్లు.

మర్యాదే, కాదనను. అరవై దాటినదాన్ని, మోకాళ్ళ నొప్పులున్నదాన్ని. బస్సులో ఎవరైనా ఆ మాటంటే చల్లగా ఉండు నాయనా అని దీవిస్తాను. కాని కూర్చోబెట్టడంలో రెండు రకాలున్నాయి. పెళ్ళిలో వియ్యపురాల్ని కూర్చోబెట్టడం ఒకటి. వంట జరుగుతుంటే పసిపిల్లని కాళ్ళకడ్డం రాకుండా ఓ మూల కూర్చోబెట్టడం ఇంకొకటి. నాకు జరిగింది ఏదో మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

అసలు సంగతి మొదట్నుంచీ చెబుతాను. 1985లో నా పెళ్ళికి మా పెద్దమామయ్య ఒక మిక్సీ చదివించాడు. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది. మిక్సీ మాత్రం నాతోపాటే కాపురం చేసింది. రెండుసార్లు బ్రష్షులు మార్పించాను, ఒకసారి వైరు మార్పించాను, అంతే. పోయిన నెల దాని కప్లరు విరిగింది. కప్లరంటే మీకు తెలుసుగదా, జారు కింద మోటారు మీద ఉండే నల్లటి పళ్ళచక్రం. ముప్పై నలభై రూపాయల వస్తువు. కాని మా మిక్సీ కొలతది ఇప్పుడెవరూ చెయ్యడం లేదుట. కోఠీలో, ట్రూప్‌బజారులో దుకాణాలన్నీ తిరిగాను. అందరిదీ ఒకటే మాట: "కొత్తది కొనుక్కోరాదమ్మా!" ఇంటికొస్తే మావారూ అదే మాట. నలభై రూపాయల చక్రం దొరకలేదని నాలుగువేల మోటారుని చెత్తలో పారేయమని ఇంత సులువుగా ఎలా చెబుతారో నాకర్థం కాదు.

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడన్నాడు: "అత్తా, మా మేకర్‌స్పేస్‌కి తీసుకురా. త్రీడీ ప్రింటరు మీద వేసి ఇచ్చేస్తాం."

మేకర్‌స్పేస్ అంటే ఏమిటని మీలో కొందరైనా అడుగుతారు. నేనూ అడిగాను. పదిమంది కలిసి వాడుకునే పనిముట్ల ఇల్లన్నమాట. పాతరోజుల్లో ఊరందరికీ ఒక కళ్ళం ఉండేది చూశారూ, అలాంటిది. ఒక్కొక్కరు కొనలేని యంత్రాలు ఒకచోట పెట్టుకుంటారు. చెక్కనీ ప్లాస్టిక్కునీ గీత గీసినట్టు కోసే లేజరు మిషను, ప్లాస్టిక్కు తీగని కరిగించి పొరమీద పొర పోసి వస్తువు చేసే త్రీడీ ప్రింటరు, వైర్లు అతికే సోల్డరింగు ఇనుములు. నెల నెలా చందా కట్టినవాళ్ళు ఎప్పుడైనా వాడుకోవచ్చు. శనివారం సాయంత్రం మాత్రం అందరికీ ఉచితం. గుమ్మం మీద బోర్డు కూడా కట్టారు: "అందరికీ ఆహ్వానం!"

ఈ వేడుకకి పుట్టిల్లు ఒకటని చెప్పలేం గాని, పెద్దపీట మాత్రం అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాలయానిది. 1998లో అక్కడి నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అనే ప్రొఫెసరుగారు "దాదాపు ఏదైనా తయారుచెయ్యడం ఎలా" అని ఒక క్లాసు మొదలుపెట్టారు. పెద్ద పెద్ద యంత్రాలు పరిశోధన చేసేవాళ్ళకి నేర్పుదామని ఆయన ఉద్దేశం. తీరా చూస్తే మామూలు వస్తువులు తమకోసం తాము చేసుకుందామనుకునే వాళ్ళు విరగబడి వచ్చారు. అందులో శిల్పకళ చదివిన కెల్లీ డాబ్సన్ అనే ఆవిడ ఏం చేసిందో తెలుసా? ఒక సంచీ. కోపం వచ్చి అరవాలనిపిస్తే, నలుగురిలో అరవలేం గదా, ఆ సంచీలో మొహం పెట్టి అరిస్తే చప్పుడు బైటికి రాదు. అరుపు అందులో దాగి ఉంటుంది. తీరిగ్గా, ఎవరూ లేనిచోట ఆ అరుపుని బైటికి వదిలేయొచ్చు! మీజిన్ యూన్ అనే ఇంకో ఆవిడ, ఆర్కిటెక్టు, ఒక గౌను కుట్టింది. ఎవరైనా మరీ దగ్గిరగా వస్తే దాని తీగలు ముళ్ళపంది ముళ్ళలా లేచి నిలబడతాయి.

అరుపు దాచుకునే సంచీ, మీదమీదకొచ్చేవాడిని దూరంగా నిలబెట్టే బట్ట! ఇవి ఎవరికి కావాలో, ఎందుకు కావాలో మనకి విడమర్చి చెప్పాలా? సిటీబస్సు ఎక్కిన ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. ఎవరి అవసరం వాళ్ళ చేతికి పనిముటిస్తే ఎలాంటి వస్తువులు పుడతాయో చెప్పడానికి ఈ రెండూ చాలు.

ఇదంతా అమెరికా గొడవ అనుకునేరు. ఎం.ఐ.టి. గడప దాటి వెలసిన మొట్టమొదటి ఫ్యాబ్ ల్యాబుల్లో ఒకటి మన దేశంలోనే, పూనా దగ్గిర పాబల్ అనే పల్లెటూళ్ళో, విజ్ఞాన ఆశ్రమంలో 2002లో పెట్టారు. మన హైదరాబాదులో 2023 మార్చిలో రాయదుర్గం దగ్గిర టి-వర్క్స్ అని ప్రభుత్వం వారిదే 78,000 చదరపు టడుగుల భవనం తెరిచారు. నేను వెళ్ళింది అంత పెద్దదాని దగ్గిరకి కాదు లెండి. ఓ మేడమీద హాలు, నాలుగు బల్లలు, రెండు ప్రింటర్లు, పాతిక మంది కుర్రకారు.

మొదటి శనివారం మిక్సీని సంచీలో పెట్టుకుని వెళ్ళాను. ఓ అబ్బాయి ఎదురొచ్చి సంచీ అందుకుని, "ఆంటీ, మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అన్నాడు. ఇద్దరు ముగ్గురు చేరి విరిగిన కప్లరు విప్పబోయారు. రాదు. నూనె వేశారు. రాదు. పట్టకారు పెట్టారు. "బాబూ, దాని మర తిరగేసి ఉంటుంది, అటు తిప్పు" అన్నాను నా కుర్చీలోంచి. వినిపించుకోలేదు. మా మేనల్లుడే నసుగుతూ అటు తిప్పాడు. చక్కా ఊడొచ్చింది. మోటారు తిరిగినకొద్దీ బిగుసుకోవాలి గాని వదులవకూడదు గదా, అందుకని మర ఎదురుగా పెడతారు. ఇది ఏ కాలేజీలోనూ చదవలేదు నేను. నలభై ఏళ్ళుగా ఆ మిక్సీ విప్పి తుడుచుకుంటున్నాను, అంతే!

కొలతలు తీశారు. కంప్యూటరులో బొమ్మ వేశారు. అది ముచ్చటగానే ఉంది, చూస్తూ కూర్చున్నాను. ప్రింటరులో తెల్లటి తీగ పెట్టారు. దాన్ని పి.ఎల్.ఎ. అంటారుట, మొక్కజొన్న పిండిలాంటి వాటినుంచి తీస్తారుట. "వేడికి ఆగుతుందా నాయనా?" అనడిగాను. "చాలా స్ట్రాంగ్ ఆంటీ, మీరు కూర్చోండి" అన్నాడు. ఇంటికొచ్చి అల్లం పచ్చడి రుబ్బాను, భేషుగ్గా తిరిగింది. మర్నాడు గారెలకి మినప్పప్పు వేశాను. గారెల పిండికి నీళ్ళు పొయ్యం గదా, మిక్సీ గట్టిగా ముక్కుతుంది, కింద వేడెక్కుతుంది. మూడో నిమిషంలో జారు ఆగిపోయింది, మోటారు మాత్రం గిర్రున తిరుగుతోంది. తీసి చూస్తే పళ్ళన్నీ మెత్తబడి, తిన్న చాక్లెట్టులా ఉన్నాయి. తరువాత తెలిసింది, ఆ పి.ఎల్.ఎ. అరవై డిగ్రీల వేడికే మెత్తబడుతుందని. మనం తాగే కాఫీ అంతకంటే వేడిగా ఉంటుంది!

రెండో శనివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి నైలాను తీగ పెడదామన్నారు. బాగానే ఉంది. కాని ప్రింటరు మొదలుపెట్టగానే చిటపటమని చప్పుడు. పోసిన పొరనిండా బుడగలు. మిషను పాడయిందని ఒకడు, ప్రోగ్రాము తప్పని ఒకడు. వాళ్ళు అరగంట తర్జనభర్జన పడ్డాక నేనుండబట్టలేక లేచాను. "ఆ తీగ చుట్ట ఎక్కడ పెట్టారు?" అనడిగాను. కిటికీ పక్కన, మూత లేకుండా. బైట వారం రోజులుగా ముసురు. "తడి పీల్చుకుంది బాబూ. ముక్కిపోయిన వడియం నూనెలో వేస్తే ఇలాగే చిటపటమంటుంది. ఎండబెట్టండి" అన్నాను. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఫోనులో వెతికారు. నైలాను గాల్లో తడి పీలుస్తుందిట, వాడేముందు గంటల తరబడి ఆరబెట్టాలని రాసి ఉందిట. రాసి ఉంటుంది. అది మనకి చదవకుండానే తెలుసు.

ఆ తరువాతి శనివారం ఆరబెట్టిన నైలానుతో కప్లరు పోశారు. పాత కప్లరులోని ఇనప నట్టుని తీసి దాంట్లో ఇమిడ్చాం. "ఇమిడ్చాం" అంటున్నాను, గమనించారా? ఆ రోజు నేను కూర్చోలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది నా గొప్ప చెప్పుకున్నట్టవుతుంది. నాక్కావలసింది అది కాదు, నాకో తగువుంది. ఆ తగువు రెండు పక్షాలతోనూ ఉంది, ఆ హాలు నడిపేవాళ్ళతోనూ, మనతోనూ.

ముందు వాళ్ళ సంగతి. మూడు వారాలూ ఆ బల్లల మీద ఏం తయారవుతున్నాయో చూశాను. వెలిగి ఆరే ఎల్.ఇ.డి. దీపాలు. నల్లగీత వెంట నడిచే బొమ్మకారు. హీరోల పేర్లు చెక్కిన తాళంచెవుల గుత్తులు. తప్పనను. దీపం వెలిగించడం ఈ విద్యలో అక్షరాభ్యాసం లాంటిది. కాని ఆరేళ్ళుగా పలకమీద ఓ-న-మాలే దిద్దుతుంటే ఏమనుకోవాలి? చెయ్యి ఉంది, మిషను ఉంది, చెయ్యవలసిన పని లేదు. ఇళ్ళలో పని ఉంది, విరిగిన పిడి ఉంది, దొరకని మూత ఉంది, ఒంటిచేత్తో తియ్యలేని సీసా ఉంది, మంచంలో ఉన్న అత్తగారికి అందని స్విచ్చి ఉంది. ఆ అవసరాలు తెలిసినవాళ్ళేమో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు!

ఇలా అంటున్నది నేనొక్కదాన్నే కాదు. లియా బ్యూక్‌లీ అనే అమెరికా ఆవిడ 2007లో లిలీప్యాడ్ అని ఒక చిన్న కంప్యూటరు బిళ్ళ అందరికీ అందేలా చేసింది. విద్యుత్తు పారే దారంతో, సూదితో బట్టకి కుట్టుకోవచ్చు దాన్ని. కుట్టుపని వచ్చినవాళ్ళు ఎలక్ట్రానిక్సుకి ఎందుకు భయపడాలని ఆవిడ వాదన. 2013లో ఒక సభలో ఆవిడే, ఈ మేకర్ల ఉద్యమానికి పేరు పెట్టిన అమెరికా పత్రిక ముఖచిత్రాలన్నీ వరుసగా పరిచి చూపించింది. దాదాపు అన్నీ మగవాళ్ళూ మగపిల్లలే, వాళ్ళ చేతుల్లో రోబోలూ బళ్ళూ దీపాలే. "అందరూ మేకర్లే" అని అట్ట లోపల రాసి, అట్టమీద ఒకే మొహం వేస్తే ఎలాగని నిలదీసింది.

"మేమెవర్నీ రావద్దనలేదే! బోర్డు చూడలేదా ఆంటీ?" అన్నాడు నిర్వాహకుడు, నేనీ మాటే ఎత్తితే. చూశాను నాయనా. చేంతాడు లేని నూతిగట్టు మీద "నీళ్ళందరివీ" అని రాసినట్టుంది ఆ బోర్డు. మీ సభ సాయంత్రం ఆరున్నరకి మొదలై తొమ్మిదిన్నరకి ముగుస్తుంది. ఆ మూడు గంటల్లో ఏ ఇంట్లో ఏ ఆడది ఖాళీగా ఉంటుందో నువ్వే చెప్పు. కుక్కరు కూసేదప్పుడే, పిల్లల హోంవర్కప్పుడే, పెద్దవాళ్ళ మందులప్పుడే.

పెళ్ళయినవాళ్ళ మాట వదిలెయ్యండి. ఆ హాల్లో నలుగురు ఆడపిల్లలున్నారు. ఒకమ్మాయి గుమ్మం దగ్గిర పేర్లు రాసుకుని టీలు అందిస్తోంది. ఇద్దరు ఎవరితోనో వచ్చారు. నాలుగో పిల్ల ఒక మూల బల్లమీద తలొంచుకుని పని చేస్తోంది. కుండీలో మట్టి ఆరితే దానంతటదే నీళ్ళు పోసే సాధనం. మట్టిలో గుచ్చిన పుల్ల తడి కనిపెడుతుంది, చిన్న మోటారు నీళ్ళు తోడుతుంది. వాళ్ళమ్మ కాళ్ళు విరిగి మంచంలో ఉందిట, పెరట్లో మొక్కలు ఎండిపోతున్నాయని దిగులు పడుతోందిట. ఆ హాలు మొత్తానికి అవసరంలోంచి పుట్టిన వస్తువు అదొక్కటే కనిపించింది నాకు. ఎనిమిదింబావుకి ఆ పిల్ల గబగబా సామాను సర్దుకుంటోంది. "అదేమిటమ్మా, ఎనిమిదిన్నరకి అందరూ చేసినవి చూపిస్తారుగా?" అంటే, "తొమ్మిదింటికి హాస్టలు గేటు వేసేస్తారాంటీ. నేనెప్పుడూ చూపించలేదు" అంది.

ఎన్నాళ్ళుగా వస్తున్నావంటే, ఎనిమిది నెలలుట.

ఎనిమిది నెలలు! ప్రతివారం నల్లగీత వెంట నడిచే కారుకి చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల చేసింది ఎవరూ చూడలేదు. ఎవరూ ఆమెని పొమ్మనలేదు, నిజమే. గేటు మూసేది హాస్టలు వాళ్ళు, వీళ్ళు కాదు, అదీ నిజమే. కాని చూపించే వేళని ఏడు గంటలకి జరిపితే వీళ్ళ సొమ్మేం పోతుంది? ఎవరికీ తోచలేదు. తోచకపోవడమే నా ఫిర్యాదు.

ఇహ మన సంగతి. "మనకెందుకమ్మా ఆ మిషన్ల గొడవ, షాక్ కొడితే?" ఈ మాట నేను మా వీధిలో నలుగురి నోట విన్నాను. ఆ నలుగురూ రోజూ మరిగే నూనె ముందు నిలబడేవాళ్ళే, కుక్కరు వెయిట్‌తో ఆవిరిని అణిచేవాళ్ళే. సోల్డరింగు అంటే ఏమిటనుకున్నారు? మాటు వెయ్యడమే. మా చిన్నప్పుడు వీధుల్లో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు తిరిగేవారు. గిన్నె వేడి చేసి, నవసాగరం చల్లి, తగరం పూసేవారు. వీళ్ళు వాడేదీ తగరమే, కొంచెం సీసం కలిపి. నవసాగరం చేసే పని ఇక్కడ ఫ్లక్స్ చేస్తుంది. కిటుకొక్కటే, ఇనుముతో తీగని కాదు, అతుకుని వేడి చెయ్యాలి. అతుకు వేడెక్కితే తగరం దానంతటదే పాకుతుంది. పెనం కాలకుండా పిండి పోస్తే అట్టు వస్తుందా? అదీ అంతే. మూడో శనివారం నేను పన్నెండు అతుకులు వేశాను. మొదటి నాలుగూ ముద్దముద్దగా వచ్చాయి. తక్కిన ఎనిమిదీ చూసి ఆ హాస్టలు పిల్ల "భలే ఉన్నాయాంటీ" అంది.

అన్నట్టు, ఆ కుర్రాళ్ళు అదే చేత్తో సమోసాలు తింటున్నారు. సీసం తగిలిన చెయ్యి నోట్లో పెట్టుకుంటారా అని కేకలేసి అందర్నీ కుళాయి దగ్గిరకి తరిమాను. ఆ హాలుకి నావల్ల జరిగిన మొదటి ఉపకారం అదే!

మనకి రాదని ఎవరు చెప్పారు? చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకెళ్ళిన అపోలో నౌకల కంప్యూటరు ఉందే, దాని జ్ఞాపకశక్తిని నేసింది ఆడవాళ్ళు. అమెరికాలో వాల్తామ్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో కూర్చుని, చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాల్లోంచి రాగితీగ దూర్చుకుంటూ పోయారు. తీగ ఉంగరంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. నేసేటప్పుడు ఒక్క తీగ తప్పినా లెక్క తప్పేది. 1969లో చంద్రుడి మీద కాలు మోపినవాళ్ళ పేర్లు మన పిల్లలందరికీ వచ్చు. నేసినవాళ్ళ పేర్లు ఎవరికొచ్చు?

అంతదూరం ఎందుకు? మా మేనత్త నరసాపురం దగ్గిర జీవితమంతా లేసు అల్లింది. ఆ ప్రాంతపు లేసు అల్లేవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మను ఆవిడ 1982లో ఒక పుస్తకమే రాసింది. ఆవిడ చెప్పింది ఒకటే: వాళ్ళు రోజల్లా అల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకి పోతోంది, వాళ్ళని మాత్రం "ఇంట్లో ఉండే ఆడవాళ్ళు, ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటారు" అంటున్నారని. చూశారా తమాషా! కుర్రాడు శనివారం పూట ఒక దీపం వెలిగిస్తే మేకరు. మా మేనత్త నలభై ఏళ్ళు అల్లితే కాలక్షేపం!

మన ఆలేరు దగ్గిర చింతకింది మల్లేశంగారి సంగతి మీకు తెలుసు. చీరకి ఆసు పోయడంలో వాళ్ళమ్మ లక్ష్మిగారు ఒక్క చీరకి తొమ్మిదివేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పవలసి వచ్చేది. ఆవిడ భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువులేమీ లేకుండా, 1992 నుంచి 1999 దాకా పాట్లుపడి ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు. ఆయనకి నేను చేతులెత్తి మొక్కుతాను. కాని ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ఇంకో ప్రశ్న కూడా వస్తుంది నాకు. తల్లి నొప్పి పట్టించుకునే కొడుకు పుట్టేదాకా తక్కిన భుజాలన్నీ నొప్పెట్టవలసిందేనా? ఆ భుజం ఎవరిదో వాళ్ళకే ఒక బల్లా, నాలుగు పనిముట్లూ, పదిమంది సాయమూ ఉంటే?

నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1974లో నాకు పదకొండేళ్ళు. మా నాన్నగారి ట్రాన్సిస్టరు మూగబోయింది. ఎవరూ లేనప్పుడు వెనకమూత తీసి చూస్తే బ్యాటరీ స్ప్రింగు పచ్చగా చిలుం పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్దాను. పాడింది. నాన్నగారు వచ్చి, "ఒరే, భలే బాగుచేశావురా!" అని అన్నయ్య వీపు తట్టారు. నేనే చేశానంటే, "కరెంటు వస్తువులు ముట్టుకున్నావా?" అని అమ్మ నెత్తిన మొట్టింది. బ్యాటరీతో నడిచేదానికి కరెంటేమిటి! తరువాత అన్నయ్య ఇంజనీరింగుకి వెళ్ళాడు. నేను బి.ఏ. తెలుగు. తెలుగు మీద నాకే కోపం లేదు, ఈ నాలుగు ముక్కలూ అదే పెట్టిన భిక్ష. కాని ఆ మొట్టికాయ ఇప్పటికీ నెత్తిమీద చురుక్కుమంటుంది. మొన్న అన్నయ్యకి ఫోను చేసి అడిగాను, జ్ఞాపకం ఉందా అని. "ట్రాన్సిస్టరా? ఏ ట్రాన్సిస్టరూ?" అన్నాడు. వాడికి గుర్తులేదు. అబద్ధమాడటం లేదు, నిజంగానే గుర్తులేదు.

మీ ఇంట్లో పదకొండేళ్ళ పిల్ల ఇవాళ రిమోటు విప్పి చూస్తుంటే మీరేమంటున్నారు? నిజం చెప్పండి. ప్లగ్గు పీకి విప్పమ్మా అంటున్నారా, ముట్టుకోకు అంటున్నారా?

అంచేత, హాలు నడిపే నాయన్లారా, నావి మూడే కోరికలు. వారానికొక రోజు పగటిపూట, పదకొండు నుంచి మూడు దాకా తలుపులు తియ్యండి. చేసినవి చూపించే కార్యక్రమం ఏడింటికే పెట్టండి. ఒక బల్ల ఇళ్ళలోంచి వచ్చే పాడైన వస్తువులకి వదలండి. కాని సంచీ లాక్కుని మీరు బాగుచేసి ఇవ్వకండి, తెచ్చినావిడ చేతికి మరతిప్పు ఇచ్చి పక్కన నిలబడండి. ఇదేం నా బుర్రలో పుట్టినదికాదు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ రిపేర్ కెఫే అని ఇలాంటిదే మొదలుపెడితే దేశదేశాలకీ పాకింది. దీనికి ఖర్చేమీ లేదు, ఒక బల్ల, నాలుగు గంటలు.

"ముప్పై రూపాయల చక్రానికి ఇంత రాద్ధాంతమా?" అని మావారు ఇప్పటికీ అంటున్నారు, ఆ చక్రం మీద రుబ్బిన గారెలు తింటూనే. రాద్ధాంతం చక్రానికి కాదండీ. విరిగింది పారేసి కొత్తది కొనుక్కోవడం తప్ప మనకింకేం తెలియదని దుకాణంవాడూ, కంపెనీవాడూ, ఇంట్లోవాళ్ళూ, చివరికి మనమూ నమ్మేశామే, దానికీ రాద్ధాంతం.

వచ్చే శనివారం మళ్ళీ వెళుతున్నాను. ఈసారి ఒక్కదాన్నే కాదు. పక్కింటి పిన్నిగారు వాళ్ళ టేబుల్‌ఫ్యాను తెస్తున్నారు. మా వదినగారు, ఆ అన్నయ్య భార్యే, నోరు మూసుకున్న డోరుబెల్లు తెస్తోంది. పిన్నిగారి మనవరాలు కూడా వస్తానంటోంది, దానికి పదకొండేళ్ళు. నిర్వాహకులకి ముందుగానే కబురు పెట్టాను: బాబూ, నలుగురం వస్తున్నాం, మాకోసం కుర్చీలు వెయ్యకండి.